సంఘం పెరిగితే అధ్యక్షుల పని మారాలి
(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై మంది సభ్యులతో, పూటకు వంద లీటర్లతో మొదలైన సంఘంలో అధ్యక్షుడే అన్నీ చేస్తాడు. తెల్లవారకముందే గది తాళం తీస్తాడు. పాలు తూస్తాడు, క్యాన్లు వ్యానుకు ఎక్కిస్తాడు, డబ్బు పంచుతాడు. అది తప్పు కాదు. అలా పూనుకొనే మనిషి లేకుంటే సంఘమే పుట్టదు. అయితే పూటకు ఆరువందల లీటర్లు వచ్చే నాడు కూడా ఆయనే తూకం దగ్గర నిలబడతానంటే కుదరదు. వరుస కదలక ఎండాకాలంలో పాలు విరుగుతాయి. అది చిన్న నష్టం. తూచేదీ ఆయనే, లెక్క చూసేదీ ఆయనే అయితే, "నా పాలకు వెన్న శాతం తక్కువ వేశారు" అని ఒక అక్క ఎవరితో మొరపెట్టుకోవాలి? ఆమె మొరపెట్టుకోదు. మరునాటి నుండి పాలు ప్రైవేటు వ్యానుకు పోస్తుంది, అంతే.

వ్యాపారాలలోనూ ఈ మార్పు తప్పదు. గల్లా రామచంద్ర నాయుడు గారు అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి వచ్చి, 1985లో తిరుపతి దగ్గర అమరరాజా సంస్థను ప్రారంభించారు. బ్యాటరీల తయారీలో అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్‌ను భాగస్వామిగా చేర్చుకున్నారు. భాగస్వామి వచ్చాక ఒక్కరి మాటే చెల్లదు గదా! 2021లో అధ్యక్ష స్థానం కుమారుడు జయదేవ్ గారికి అప్పగించారు. అది కుటుంబం నిలిపిన కంపెనీ. మన సంఘంలో పాలు పోసే ప్రతి సభ్యుడూ యజమానే. ఇక్కడ కుర్చీ కొడుక్కో బావమరిదికో రాసిచ్చేది కాదు. ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు.

మనకు దగ్గరి పోలిక గుజరాత్‌లోని ఆనంద్. 1946లో ఖేడా జిల్లా పాల సంఘం ఏర్పడినప్పుడు త్రిభువన్‌దాస్ పటేల్ గారు ఊరూరా తిరిగి రైతులను కూడగట్టారు. 1949లో కురియన్ గారు ఆనంద్ వచ్చారు. క్రమంగా డెయిరీ నిర్వహణ ఆయన చేతికి వచ్చింది. గేదె పాలతో పొడి చేసే పని దలాయా గారు చూశారు. పటేల్ గారు యంత్రాల జోలికి పోలేదు. రైతుల నమ్మకం నిలబెట్టడమే తన పనిగా పెట్టుకున్నారు. తెలిసినవానికి పని అప్పగించి, వాని వెనుక నిలబడడం తూకం పట్టుకోవడం కంటే కష్టం.

చేయి తీయమన్నాను గదా అని నిద్రపోకండి. 2002లో చిత్తూరు డెయిరీ మూతపడింది. కారణాలు ఎవరికి తోచినవి వారు చెబుతారు. దెబ్బ తిన్నది మాత్రం పాలు పోసే రైతు. అందుచేత కొన్ని పనులు ఎంత పెరిగినా అధ్యక్షులు వదలరాదు. నెలకొకసారి బ్యాంకు పాసుపుస్తకం తామే చూడాలి. చెప్పకుండా ఒక పూట కేంద్రానికి వెళ్లి, ఎవరివైనా పాలు వారి ఎదుటే మళ్లీ పరీక్ష చేయించాలి. బిల్లు చెల్లించే తేదీ దాటనివ్వరాదు. ఆడిట్ అభ్యంతరాలను బీరువాలో పెట్టక పాలకవర్గంలో చదవాలి.

కార్యదర్శికి చాలీచాలని జీతమిచ్చి నిజాయితీ అడిగే సంఘాలున్నాయి. ముందు ఆ జీతం సంగతి తేల్చండి. వచ్చే మహాసభలో లెక్కల పుస్తకం బల్లమీద తెరిచి ఉంచండి. చదువురాని అక్క అడిగితే, ఆమె వెంట వచ్చిన పిల్లవాడి చేత గట్టిగా చదివించండి.