ఇంటి చీమలు – పెరటి మొక్కలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన మన గ్రంథాలయపు పండుగనాడు పెద్దలు సాహిత్యమును గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు చక్కగా ప్రసంగించిరి. వారి వెనుక నేను చీమలను గూర్చి మాటలాడుటకు లేచితిని. కొందరికి నవ్వు రావచ్చును. కాని బెల్లపు జాడీ మూత తీసి నిట్టూర్పు విడువని గృహిణి ఈ సభలో ఒక్కరైనను ఉన్నారా? గ్రంథాలయము మనస్సునకు వెలుగు నిచ్చినట్లే, వంటయింటికి కూడ కొంత వెలుగు నీయవలెను. అందుచేతనే కార్యదర్శిగారు ఈ విషయమును గూర్చి మాటలాడుమని కోరినప్పుడు సంతోషముతో అంగీకరించితిని.

నాకు ఈ విషయమున శ్రద్ధ కలుగుటకు మా యింట జరిగిన ఒక సంఘటన కారణము. నా చిన్నతనమున మా వంటయింట చీమల బాధ మిక్కుటముగా నుండెడిది. ఎవరో చెప్పగా మా నాయనగారు చీమల మందని ఒక తెల్లని పొడిని పొట్లము కట్టించి తెచ్చిరి. మా నాయనమ్మ దానిని గోడగూటిలో బియ్యపుపిండి డబ్బా ప్రక్కన ఉంచెను. ఒక పండుగనాటి తెల్లవారుజామున, గుడ్డిదీపపు వెలుతురులో, మా అమ్మ పిండియే అనుకొని ఆ పొట్లమును విప్పి పళ్ళెములో పోసెను. వాసన తేడాగా తోచి చేయి ఆపెను. ఆ వాసనయే ఆనాడు మా ఇంటిల్లిపాదిని కాపాడినది. మా నాయనమ్మ ఆ పొడిని పెరటిమూల గోతిలో పాతిపెట్టించి, "చీమకు పెట్టిన విషము మన కంచము దాక వచ్చినదిరా!" అనెను. అటువంటి మందులు మట్టిలో ఏండ్ల తరబడి నిలిచియుండునని, ఆ పాతిపెట్టుట కూడ సరియైన పని కాదని నేను పెద్దవాడనైన తరువాత తెలిసికొంటిని.

ఒకప్పుడు ఊరూర చల్లిన బి.హెచ్.సి. పొడిని భారత ప్రభుత్వము 1997లో నిషేధించినది. దాని స్థానమున నేడు మరికొన్ని మందులు వచ్చినవి. గీతలు గీయు సుద్దముక్కల రూపమున అమ్ముచున్న చీమలమందులో ఉన్నదియు విషమే. అది బడిలోని సుద్దముక్కను పోలియుండును. పిల్లవాడు దానిని చూచి భేదమును గుర్తింపగలడా? కావున అన్నము వండు చోట విషము నుంచకుండ చీమలను దూరముగా నుంచు మార్గము కలదా యని మనము ఆలోచింపవలసియున్నది. మార్గము కలదు. కాని దానికి ముందు చీమను తెలిసికొనవలెను.

చీమకు చూపుకన్న వాసనయే ప్రధానము. దాని తలపైనున్న మీసములే దానికి ముక్కు. ఆహారమును వెదకుచు ఒంటరిగా తిరుగు చీమకు ఒక బెల్లపు పలుకు దొరికినదనుకొందము. అది పుట్టకు మరలిపోవునప్పుడు తన పొట్ట చివరను నేలకు తాకించుచు ఒక వాసన ద్రవ్యమును బాట పొడుగున విడిచిపోవును. ఆ బాటను పట్టుకొని పది చీమలు వచ్చును. ఆ పదియు మరల అదే ద్రవ్యమును విడుచును. ఘడియలో అది రాజమార్గమగును. ఆహారము అయిపోయినచో కొత్తగా వాసన విడుచువారు లేక, ఆ బాట తనంతట తానే మాసిపోవును. చీమల బారులోని రహస్యమంతయు ఇదియే. మనము కంటికి కనబడు చీమలను చంపుచున్నాము గాని, కంటికి కనబడని బాటను తుడుచుట లేదు. అందుచేత మరునాడు మరల అదే చోటికి చీమలు వచ్చుచున్నవి.

కావున మొదటి పని ఆహారమును మూయుట. రెండవ పని బాటను తుడుచుట. మూడవ పని అవి వచ్చు సందును పూడ్చుట. ఈ మూడును చేసిన తరువాతనే మొక్కల కావలి. ఈ వరుస తప్పినచో ఎంత పసుపు చల్లినను వ్యర్థమే.

బాటను తుడుచుటకు మన యింటనే మంచి సాధనము కలదు. అది కుంకుడురసము. నాలుగు కుంకుడుకాయలు నానబెట్టి పిసికి, ఆ నురుగునీటిలో గుడ్డను ముంచి, చీమలు వచ్చిన దారిని మొదలునుండి చివరవరకు రుద్ది తుడువవలెను. పిండివేసిన నిమ్మచెక్కతో రుద్దినను మంచిదే. సగము దారి తుడిచి విడిచినచో మిగిలిన సగమే వాటికి దారి చూపును.

ఇక కావలి కాయు మొక్కలను గూర్చి చెప్పెదను. పసుపు మన పెద్దలెరిగినదే. చీమలు వచ్చు సందు దగ్గర పొడిగానున్న చోట పసుపును సన్నని కట్టవలె పోసినచో అవి దాటుటకు జంకును. తడి తగిలినచో అది ముద్దయై పనికిరాకపోవును. లవంగములు, దాల్చినచెక్క మరికొంత బలమైనవి. లవంగము, పుదీనా మొదలగువాని నూనెలు చీమలను తొలగించునని పరిశోధనశాలలలో పరీక్షించి చూచియున్నారు. చక్కెర డబ్బాలో రెండు లవంగములు వేయు అలవాటు మన ఇండ్లలో కలదు గదా! అది మంచిదే గాని, డబ్బా మూత బిగువుగా నుండుట అంతకన్న మంచిది. నిమ్మగడ్డిని నలిపి కిటికీ గట్టుపై ఉంచినను కొంత ఫలితము కనబడును.

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. గుమ్మము ప్రక్కన తులసి, పుదీనా, నిమ్మగడ్డి నాటినంత మాత్రమున చీమలు ఇంటిలోనికి రావని కొందరు నమ్ముచున్నారు. అది సరికాదు. ఈ మొక్కల సుగంధ తైలము ఆకులలోని చిన్న తిత్తులలో దాగియుండును. ఆకు నలిగినప్పుడే అది అధికముగా బయటికి వచ్చును. నిలుచున్న మొక్క చీమకు అడ్డుగోడ కాదు. నలిపిన ఆకు కూడ ఒకటి రెండు దినములే పనిచేయును. వాసన ఎగిరిపోవును. మరల కొత్త ఆకు వేయవలెను. ఓపిక లేనివారికి ఈ వైద్యము ఫలింపదు.

వేపను గూర్చియు పలువురు అడుగుచున్నారు. వేప గొప్పదనమును నేను తక్కువ చేయను. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన ప్రధాన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును వేపపప్పు కలిపిన నీటిని పైరుపై చల్లినచో మిడతలు ఆ పైరును ముట్టవని చూపిరి. 1968లో అందలి ముఖ్యపదార్థమగు ఆజాడిరక్టిన్‌ను శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. అయితే వేప బలము ముఖ్యముగా ఆకును నమలు పురుగు నోటిని కట్టుటలోను, పురుగుపిల్లల పెరుగుదలను ఆపుటలోను ఉన్నది. చీమ వేపాకును తినవలసిన పని లేదు. దాని ప్రక్కనుండి నడచిపోవును. అందుచేత ధాన్యపు గాదెలో వేపాకు వేయుడు. చీమల బారునకు మాత్రము దానినొక్కదానినే నమ్ముకొనకుడు.

మొక్కలలో చీమలకు వంతెన వేయునవియు కలవు. ఇంటిచూరుపై వాలిన మామిడికొమ్మయు, కిటికీకి అల్లుకొన్న మల్లెతీగయు వాటికి రహదారులే. పేనుబంక, పిండినల్లి పట్టిన మొక్కలపై ఆ పురుగులు విడుచు తీపి రసముకొరకు చీమలు చేరును. ఆ రసముకొరకే వాటిని పసులకాపరివలె కాయును. కావున గోడను తాకు కొమ్మలను నరికివేయుడు. పురుగుపట్టిన కుండీలను గుమ్మమునకు దూరముగా పెట్టుడు.

మన పూర్వుల ఉట్టి సామాన్యమైనది కాదు. ఉట్టి త్రాటి మధ్య ఆముదములో తడిపిన గుడ్డముక్కను చుట్టినచో చీమలు దానిని దాటుటకు వెనుదీయును. వంటసామాను అలమార కాళ్ళక్రింద నీటి పళ్ళెములు పెట్టుట మరియొక మంచి పద్ధతి. నీటిపై ధూళి తేలినచో చీమలకు అదే వంతెన యగును. వారము దాటినచో దోమలు పుట్టవచ్చును. కావున మూడు నాలుగు దినములకొకసారి నీరు మార్చుడు.

మొక్కనుండి వచ్చినదెల్ల నిరపాయమని మాత్రము తలపకుడు. గన్నేరు మొక్కయే గాని విషము. సీతాఫలపు గింజల పొడి కంటిలో పడినచో కంటికి తీవ్రమైన హాని కలుగును. కర్పూరము మ్రింగిన పసిబిడ్డలకు మూర్ఛ రావచ్చును. వేపనూనె కూడ శిశువుల నోట పోయదగినది కాదు. విషపు పొడిని వదలి, దాని స్థానమున అజాగ్రత్తను తెచ్చుకొనినచో మనకు లాభమేమి?

చివరగా మరొక మాట. చీమ మన శత్రువు కాదు. పొలములో మట్టిని గుల్లచేయునది, చచ్చిన పురుగును ఎత్తివేయునది చీమయే. మన గ్రంథాలయపు పుస్తకములకు పగవారైన చెదలను వేటాడి తినునదియు చీమయే. చెదలను తెల్లచీమలని పిలిచినను అవి చీమలు కావు. బొద్దింకలకు దగ్గరి చుట్టములు. మన పెద్దలు వాకిట బియ్యపుపిండితో ముగ్గు పెట్టి, గడపకు వెలుపల చీమలకు ఇంత ఆహారము విడిచిరి. అందులో ఒక నీతి కలదు. గడపకు వెలుపల చీమకు చోటున్నది. గడపకు లోపల లేదు. ఈ హద్దును నిలుపుకొనుటయే మన పని. దానికి విషము అక్కరలేదు; శుభ్రత, ఓపిక, పిడికెడు ఆకు చాలును.

ఈ రజతోత్సవ సందర్భమున నాదొక విన్నపము. గ్రంథాలయములో ఒక నోటుపుస్తకము నుంచుడు. మన ఊరి అక్కచెల్లెండ్రు తమ యింట ఏ ఆకు వాడిరో, ఏ చీమకు వాడిరో, ఎన్ని దినములు పనిచేసినదో, పనిచేయనిచో ఆ మాటయు అందులో వ్రాయుదురు గాక. ఎర్రచీమకు పనికివచ్చినది నల్లచీమకు పనికిరాకపోవచ్చును. ఒక యింట ఫలించినది మరియొక యింట ఫలింపకపోవచ్చును. ఇరువదియైదేండ్లుగా మనము ఇతరులు వ్రాసిన పుస్తకములను చదివితిమి. ఇకమీదట మన అనుభవముతో మనమే ఒక పుస్తకము వ్రాసికొందము. అందులోని మొదటి పుటలో మా నాయనమ్మ మాటను వ్రాయుటకు నాకు అనుమతి నీయవలెనని కోరుచున్నాను.