కారు ఏసీ ఆన్ అవ్వట్లేదా? గ్యాస్ పట్టించే ముందు ఇవి చూడండి

ఎండలు ముదిరాయి కదా, షెడ్డుకి వచ్చే బండ్లలో చాలావరకు ఏసీ కంప్లైంట్లే. వచ్చినవాళ్లు ముందు అనే మాట కూడా ఒకటే: "గ్యాస్ అయిపోయినట్టుంది అన్నా, పట్టెయ్." ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఏసీ ఆన్ అయ్యి చల్లదనం తగ్గడం వేరు, అసలు ఆన్ అవ్వకపోవడం వేరు.

ఈ రోజు చూపించేది ఒక ట్యాక్సీ తమ్ముడి బండి. పది రోజుల్లో రెండుసార్లు వేరేచోట గ్యాస్ పట్టించాడు. పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి ఏసీ ఆగిపోతుంది. ఏసీ లేకపోతే ఎక్కినవాళ్లు దిగిపోతున్నారు, ఆ రోజు సంపాదన పోయినట్టే.

ముందు లోపల కూర్చునే చూడండి. బ్లోయర్ తిరుగుతుందా? చాలా బండ్లలో బ్లోయర్ ఆన్ చెయ్యకపోతే ఏసీ ఆన్ అవ్వదు. బటన్ లైటు వెలుగుతుందా? ఇంజిన్ టెంపరేచర్ ఎక్కువుందా? ఇంజిన్ వేడెక్కితే కంప్యూటరే ఏసీని ఆపేస్తుంది. అప్పుడు చూడాల్సింది రేడియేటర్ వైపు.

తర్వాత బానెట్ ఎత్తండి. చేతులు, చున్నీలు బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా ఉంచండి, ఫ్యాను ఎప్పుడైనా తిరగొచ్చు. ఇంకొకళ్లని ఏసీ బటన్ నొక్కమనండి. కంప్రెసర్ దగ్గర "టక్" అని శబ్దం వచ్చి ముందున్న ప్లేటు తిరగాలి. అదే క్లచ్. ఈ బండి వేడెక్కాక చూస్తే టక్ లేదు, పుల్లీ ఒక్కటే తిరుగుతోంది. కొన్ని కొత్త కార్లలో ఈ క్లచ్ ఉండదు, వాటికి స్కానర్ పెట్టే చూడాలి.

టక్ అనలేదంటే ఫ్యూజు చూడండి. తర్వాత రిలే. ఏసీ రిలే మీదున్న నంబరే హారన్ రిలే మీద కూడా ఉంటే రెండూ మార్చి చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. ఇక్కడ రెండూ బాగున్నాయి.

ఇప్పుడు గ్యాస్. చాలా బండ్లలో ప్రెషర్ సుమారు 30 పీఎస్ఐ కిందకి పడితే స్విచ్ క్లచ్‌కి కరెంటు ఆపేస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే గేజులు పెట్టాం, రెండూ 97 దగ్గర నిలబడ్డాయి. 30 డిగ్రీల్లో ఆర్ 134ఏ గ్యాస్‌కి ఉండాల్సిన ప్రెషరే అది. అంటే స్విచ్ ఆపడానికి కారణం లేదు. అలాగని గ్యాస్ సరిపోయినంత ఉందనీ కాదు. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నా గేజు అదే ప్రెషర్ చూపిస్తుంది.

చివరిగా క్లచ్ కాయిల్. వేడి మీద కనెక్టర్‌కి మీటర్ పెడితే 13.8 వోల్టులు వస్తున్నాయి, ఎర్త్ కూడా బాగుంది. కరెంటు వస్తున్నా ప్లేటు అంటుకోవట్లేదు! ఇంజిన్ ఆపి ఫీలర్ గేజ్‌తో ప్లేటుకీ పుల్లీకీ మధ్య గ్యాప్ కొలిచాం. మామూలుగా అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉండాలి, ఇక్కడ 0.9 ఉంది. కాయిల్ వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, అయస్కాంతం బలం తగ్గుతుంది. అంత గ్యాప్‌ని లాగలేదు. చల్లగా ఉన్నప్పుడు లాగుతుంది. అందుకే పొద్దున పనిచేసి, మధ్యాహ్నం ఆగిపోతోంది.

ప్లేటు విప్పి లోపలున్న ఒక షిమ్ తీశాం. గ్యాప్ 0.5కి వచ్చింది, టక్ అంది. కొత్త కంప్రెసర్ అక్కర్లేదు, కొత్త గ్యాసూ అక్కర్లేదు. కాకపోతే రెండుసార్లు పట్టించారు కాబట్టి ఉన్న గ్యాస్ మెషీన్‌తో బయటికి లాగి, వ్యాక్యూమ్ పెట్టి, బానెట్ స్టిక్కర్ మీదున్న గ్రాముల లెక్కన తూకం వేసి ఎక్కించాం. ఎక్కువైతే హై ప్రెషర్ పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది.

గ్యాస్ అంటే పెట్రోల్‌లా ఖర్చైపోయేది కాదండి. ఏళ్ల మీద కొద్దిగా తగ్గొచ్చు గానీ, పది రోజుల్లో తగ్గిందంటే లీకు ఉన్నట్టే. గొట్టాల జాయింట్ల దగ్గర నూనె తడి కనిపిస్తుందేమో చూడండి. గ్యాస్ ఉందో లేదో అని వాల్వ్ మాత్రం నొక్కకండి, చర్మం గడ్డకట్టి గాయం అవుతుంది.

ఈసారి ఎవరైనా "గ్యాస్ పట్టాలి" అంటే ఒక్క మాట అడగండి: "క్లచ్‌కి కరెంటు వస్తుందా అన్నా?" అది చూశాకే డబ్బులు పెట్టండి. ఉంటానండి.