కండ్లజోడులోని పట్టకము



వేదాంతగ్రంథములు చదివినవారికి ద్విచంద్రదర్శనము క్రొత్తమాట కాదు. చంద్రుడొక్కడే, కనబడునది యిద్దరు. మన పూర్వులు దీనిని భ్రాంతికి దృష్టాంతముగా జెప్పిరి. కంటిని వ్రేలితో ప్రక్కగా నొక్కినచో నెవరికైనను ఆ రెండవ చంద్రుడు కానవచ్చును. రెండు కన్నులును ఒక్కవస్తువుపై గుఱి నిలుపకపోవుటయే కారణము. వార్ధకమున గొందఱికి కంటిని ద్రిప్పు కండరములో, నరములో దుర్బలమై, నొక్కకయే యిట్లు కనబడును. అట్టివారికై జోడులో పట్టకమును చేర్చుదురు.

పట్టకమనగా గొడ్డలివలె నొకవైపు దళసరిగను, వేఱొకవైపు పలుచగను ఉండు గాజు. దానిగుండ బోవు వెలుగు దళసరి వైపునకు వంగును. చూచువానికి వస్తువు పలుచని వైపునకు జరిగినట్లు తోచును. 1 మీటరు దూరమున 1 సెంటీమీటరు జరిపినచో నది 1 పట్టక డయాప్టరు. ఈ కొలతను 1890లో అమెరికాయందు చార్లెసు ప్రెంటిసు ప్రతిపాదించెను. కన్ను ముక్కువైపున కొరిగినచో పలుచని యంచును ముక్కువైపుననే యుంచుదురు. ఒరిగిన కంటి యెదుటికి బింబమును దెచ్చుటయే దీని పని. కంటిని సరిచేయుట గాదు.

ఇంతకంటె మనకు ముఖ్యమైన సంగతి వేఱొకటి గలదు. శక్తిగల ప్రతి యద్దమును నడిమి బిందువు తప్పినచోట పట్టకమే! 5 డయాప్టర్ల యద్దము కనుపాపకు 4 మిల్లీమీటర్లు తప్పి నిలిచినచో 2 పట్టక డయాప్టర్లు పుట్టును. గతించిన తండ్రిగారి జోడునో, సంతలో గొన్న జోడునో పెట్టుకొని, తలనొప్పి వచ్చినపుడు వయస్సును నిందించువారు మనలో లేకపోలేదు. విఱిగిన కాడకు బదులు దారము కట్టుకొనువారి పాటు మఱింత కష్టము. ఒక యద్దము క్రిందికి జాఱగా, ఒక బింబము మీదికిని, ఒకటి క్రిందికిని బోవును. ప్రక్కల తేడాను కన్నులు కొంత సర్దుకొనును గాని, మీదుక్రిందుల తేడాను ఓర్వజాలవు. కాడ వేయించుటకు బట్టు సొమ్మెంత?

జోడును చేయి చాచి పట్టి, ఒక కంటితో ద్వారబంధపు నిలువుటంచును అద్దములో జూడుడు. అంచు లోపలను వెలుపలను తెగక యొక్కవరుసగా గనబడుచోట చిన్నగుర్తు పెట్టుడు. జోడు ధరించినపుడు ఆ గుర్తు కనుపాప కించుమించుగా నెదుట నున్నదేమో మనుమని జూడుమనుడు.

వస్తువులు రెండుగా గనబడినచో నొక్కొక్క కన్నే మూసి చూడుడు. ఏ కన్ను మూసినను ఒక్కటియే యైనచో కన్నుల పొందిక చెడినదని యర్థము. ఒంటికంటికిని రెండుగా దోచినచో దోషము సాధారణముగా నా కంటిలోనిదే, శుక్లము కావచ్చును. దానికి పట్టకము పనికిరాదు. ఈ రెండుచూపు హఠాత్తుగా వచ్చినదా, మధుమేహమో, మెదడులోని రక్తనాళముల యుపద్రవమో కారణమై యుండవచ్చును. అప్పుడు జోళ్ల దుకాణమునకు గాక, ఆ దినముననే వైద్యునియొద్దకు బోవలయును.