ప్రభుత్వ ప్రచురణలు – పల్లె గ్రంథాలయము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నాకంటె ముందు మాటలాడిన పెద్దలు కావ్యములను గూర్చియు, పురాణములను గూర్చియు, బాలసాహిత్యమును గూర్చియు చక్కగా సెలవిచ్చిరి. నాకు మిగిలినది రసము లేని విషయము. లెక్కలు వ్రాసికొను వానికి అదియే తగునని కార్యవర్గము వారు తలచి యుందురు. ప్రభుత్వము అచ్చువేయు గెజెట్టులు, చట్టములు, జనాభా లెక్కలు, నివేదికలు మున్నగునవి ప్రజల చేతికెట్లు చేరవలయును? అందులకు మన గ్రంథాలయము చేయదగిన దేమి? ఇదియే నేను విన్నవింపబోవు విషయము.

ఇది క్రొత్త చింత కాదు. సభాపర్వమున నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, గణకులును లేఖకులును ఆదాయ వ్యయములను ప్రతిదినము పూర్వాహ్ణమందే నీకు నివేదించుచున్నారా యని ప్రశ్నించును. ఆనాడు లెక్క రాజునకు చెప్పవలసినది. నేడు రాజెవరు? ఓటు గల ప్రతి గృహస్థుడును రాజే. కావున ఆ లెక్క మనకు చెప్పవలసినదే గదా!

అశోక చక్రవర్తి తన ధర్మశాసనములను భాండాగారమున దాచలేదు. కర్నూలు మండలమున ఎఱ్ఱగుడి బండలమీద చెక్కించెను. కళింగదేశమున ధౌళి, జౌగడల యందలి ప్రత్యేక శాసనములలో, వానిని తిష్యా నక్షత్ర దినములందు చదివి వినిపింపవలయుననియు, ఒక్కడే శ్రోత యున్నను వినిపింపవచ్చుననియు ఆజ్ఞాపించెను. వ్రాయించుట చాలదు, వినిపించుట కూడ వలయునని ఆ ప్రభువునకు తెలియును.

మన సముద్రతీరమున మోటుపల్లి వీరభద్రాలయమున కాకతి గణపతిదేవుని శాసనస్తంభ మొకటి గలదు. అది క్రీ. శ. 1244–45 నాటిది. తుపానుచేత దరికి కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు అపహరించెడివారు. గణపతిదేవుడు ఆ దురాచారము మాన్పి, విధించిన సుంకము మాత్రమే గ్రహింతునని అభయమిచ్చి, ఏ సరకునకు ఎంత సుంకమో ఆ రాతిమీదనే చెక్కించెను. ఆ రాయి అచ్చట నిలిచియుండగా సుంకరి యొక్క వీసమైనను అధికముగా అడుగగలడా? ప్రకటనము యొక్క బలమంతయు ఇందే యున్నది. వెల తెలిసిన వానిని మోసగించుట కష్టము.

ఇక మన ఊరి సంగతి. పూర్వము దఫ్తరము కరణము ఇంట నుండెడిది. అడంగలు, చిట్టా, జమాబందీ లెక్క లన్నియు ఆ పెట్టెలోనే. రైతు తన పొలపు కొలత తెలిసికొనవలెనన్న ఆ అరుగుమీద కాచుకొని కూర్చుండవలసినదే. సుమతీ శతకకారుడు కరణములను గూర్చి చెప్పిన మాటలు మీకందఱకు తెలిసినవే. వానిని నేనిచ్చట చదువను. మంచి కరణములును ఉండిరి, తక్కినవారును ఉండిరి. కాని మనిషి మంచివాడగుటపై ఆధారపడిన హక్కు హక్కు కాదు, అది అనుగ్రహము. 1984లో ఆంధ్రప్రదేశమున కరణీకము రద్దయినది. పెట్టె ఇల్లు మారినది. అంతమాత్రమున అందఱకు తెరువబడిన దనలేము.

ప్రభుత్వ ప్రచురణలన ఏవి? కొన్ని యుదాహరణములు చెప్పెదను. మొదటివి చరిత్ర గ్రంథములు. 1883లో గోర్డన్ మెకంజీ వ్రాసిన కృష్ణామండలపు మాన్యువల్, 1886లో గోపాలకృష్ణమసెట్టిగారు వ్రాసిన కర్నూలు మాన్యువల్, 1907లో హెమింగ్వే వ్రాసిన గోదావరి గెజెటీరు అట్టివి. దక్షిణభారత శాసన సంపుటములలో 1948లో వెలువడిన పదవది తెలుగు శాసనములకే కేటాయింపబడినది. ఏ గుడికి ఎవడు ఏ పొలము దానము చేసెనో అందు చూడవచ్చును.

రెండవవి లెక్కలు. పదేండ్లకొక పర్యాయము జరిగిన జనగణన పిమ్మట వెలువడు జిల్లా పుస్తకములలో ఊరూరి వైశాల్యము, ఇండ్లు, జనము, చదువు వచ్చినవారు, పనిచేయువారు వేఱువేఱుగా కానవత్తురు. 1961 నాటి పుస్తకమును 2011 నాటి దానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, ఈ అర్ధశతాబ్దములో మన ఆడుబిడ్డలలో ఎందఱకు అక్షరములు వచ్చెనో తెలియును. బడి కావలెనని అర్జీ పెట్టునపుడు పది పుటల వేడికోలు కంటె అట్టి అంకె యొకటి మిన్న.

మూడవవి గెజెట్టులు, చట్టములు, నియమములు. బ్రతుకుతెరువునకు నేరుగా తగులునవి ఇవియే.

చట్టము తెలియదనుట సాకు కాదని న్యాయశాస్త్రము. మంచిదే. కాని తెలియజేయకుండ శిక్షింపవచ్చునా? జయపుర సంస్థానమున 1923లో మంత్రిమండలి నల్లమందును గూర్చి యొక చట్టము చేసి, దానిని ఎచ్చటను ప్రకటింపలేదు. హర్లా యనువానికి ఆ చట్టము క్రింద ఏబది రూపాయల జుల్మానా పడినది. 1951లో సుప్రీముకోర్టు, ప్రకటింపబడని చట్టము ప్రజలను బంధింపజాలదనియు, అట్లు బంధించుట సహజన్యాయమునకు విరుద్ధమనియు తీర్పు చెప్పి ఆ శిక్షను కొట్టివేసినది. ఏబది రూపాయల వ్యాజ్యమున దేశమునకంతకు ఒక ధర్మము స్థిరపడినది.

అయితే ఆ ధర్మమునకు రెండవ వైపును గలదు. ప్రకటించుటతో ప్రభుత్వము పని తీరినది. తెలిసికొనుట మన పని యైనది. భూసేకరణమునకై 2013లో చేసిన చట్టమును చూడుడు. తొలి ప్రకటన గెజెట్టులోను, రెండు దినపత్రికలలోను, స్థానిక భాషలో పంచాయతీ కార్యాలయమునందును వెలువడవలయును. ఆ ప్రకటన వెలువడిన 60 దినములలోపల రైతు తన ఆక్షేపణను కలెక్టరునకు వ్రాసి ఇయ్యవచ్చును. అంతకు పూర్వపు 1894 నాటి చట్టమున ఆ గడువు 30 దినములే. గోడకు అంటించిన కాగితము వానకు తడిసి జాఱిపోయిన, పత్రిక ఆ రైతు ఇంటికి రాకపోయిన, అరువదియొకటవ దినమున వాని గోడు వినువారెవరు? పొలము సారవంతమా చవుడా యని గడువు విచారింపదు. కాగితము చూచినవానికి హక్కు మిగులును. చూడనివానికి దుఃఖము మిగులును. ఆ కాగితమును చూపునట్టి చోటు ఊరిలో నొకటి యుండవలయును. అది గ్రంథాలయము గాక మఱేది?

గ్రంథాలయమునకు ఈ బాధ్యత నేను కల్పించి చెప్పుట లేదు. 1954 నాటి పుస్తక ప్రదాన చట్టము ప్రకారము దేశమున అచ్చయిన ప్రతి పుస్తకపు ప్రతిని ప్రకాశకుడు తన ఖర్చుతో కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మదరాసు కన్నెమరా మున్నగు గ్రంథాలయములకును 30 దినములలో పంపవలయును. కేవలము కార్యాలయోపయోగమునకైనవి తప్ప, ప్రభుత్వ ప్రచురణలకును ఈ నియమము వర్తించును. పోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టము నాలుగవ సెక్షను ఇంకను ముందునకు పోయినది. ఎవరు అడుగకున్నను ప్రతి ప్రభుత్వ కార్యాలయము తన నియమములను, బడ్జెటును, సహాయము పొందినవారి వివరములను ప్రకటింపవలయును. స్థానిక భాషను గమనించి ప్రచారము చేయవలయును. ప్రజలకొఱకు గ్రంథాలయమో పఠన మందిరమో నడుపుచున్నచో దాని వేళలను సైతము తెలుపవలయును. సమాచారమునకును పఠన మందిరమునకును గల చుట్టరికమును చట్టము చేసినవారే గుర్తించిరని నాకు మిగుల సంతోషము.

మఱియొక మార్పును గమనింపుడు. భారత గెజెట్టును కాగితముపై అచ్చువేయుట 2015 అక్టోబరు 1వ తేదీతో నిలిచిపోయినది. అది ఇపుడు కంప్యూటరులోనే వెలువడును. ఢిల్లీలో నున్నవానికిని మన ఊరివానికిని ఒకే క్షణమున అందుబాటు, పైకము లేదు. ఇది గొప్ప మేలు, కాదనను. కాని ఏ పేరుతో వెదుకవలయునో తెలిసిన వానికే అది దొరకును. దొరకినను పెక్కు భాగము ఆంగ్లము, అందును కోర్టు ఆంగ్లము. మా ఈడు వారికి చేతిఫోనులో ఆ చిన్న అక్షరములు కానరావు. వాకిట గంగ పాఱుచున్నను చేద లేనివానికి దాహము తీఱదు. ఆ చేద గ్రంథాలయమే కావలయును.

మన మిత్రులు కొందఱొక ఆక్షేపణ తెచ్చిరి. నవలలకు, వారపత్రికలకు చోటు చాలుట లేదు. బీరువా క్రింది అరలోని పాత సర్కారు పుస్తకములను ఎవరును ముట్టుట లేదు. తూకమునకు అమ్మివేసిన నాలుగు రూపాయలు వచ్చును గదా యని. వారి మాట పూర్తిగా త్రోసివేయదగినది కాదు. నవలను ఏటికి నూఱుగురు చదువుదురు. జనాభా లెక్కల పుస్తకమును ఇద్దఱు తెఱచిన గొప్ప. అయినను గాదెలోని విత్తనమును ఏడాది కొకమాఱే తీయుదుము. తక్కిన దినములందు అది చోటు ఆక్రమించినదని ఎవడైన అమ్ముకొనునా? పైగా నవల మఱల అచ్చగును. 1961 నాటి జిల్లా పుస్తకము మఱల అచ్చుగాదు. ఒకనాడు సరిహద్దు తగాదాకో, చెఱువు విస్తీర్ణపు తగాదాకో అది యొక్కటే సాక్షి కావచ్చును. సాక్షిని తూకమునకు అమ్మవచ్చునా? ఈ విషయము రాబోవు కార్యవర్గ సమావేశమున తీర్మానమునకు రానున్నది. సభ్యులు ఆలోచింప ప్రార్థించుచున్నాను.

ఇక నా సూచనలు నాలుగు.

ఒకటి: ఆ క్రింది అరను ఖాళీ చేయుటకు బదులు ఒక బీరువాను 'ప్రభుత్వ ప్రచురణల బీరువా' యని పేరిడి ప్రత్యేకింపవలయును. పంచాయతీ బడ్జెటు, గ్రామసభ తీర్మానములు, ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ నివేదికలు ఏటేట నకళ్లు తెప్పించి అందుంచవలయును. ఇచ్చుటకు జాగుచేసినచో సమాచార హక్కు దరఖాస్తు గలదు. ఆంధ్రప్రదేశ్ నియమముల ప్రకారము గ్రామస్థాయి కార్యాలయమున దానికి రుసుము లేదు.

రెండు: ఒక కంప్యూటరు, ఒక అచ్చుయంత్రము. మన మండలమునకు, మన జిల్లాకు సంబంధించిన ప్రకటనలను వారమున కొకమాఱు వెదకి, కాగితముపై తీసి, తేదీ వేసి కవిలెకట్టవలయును. గడువు గల ప్రకటనమైన, గడువు తీఱు దినమును పైన ఎఱ్ఱసిరాతో వ్రాయవలయును.

మూడు: నెలకొక ఆదివారము సాయంకాలము వానిని తెలుగున చదివి వినిపింపవలయును. కళాశాలలో చదువు మన బాలబాలికలు ఆంగ్లమును తెలిగింతురు. వృద్ధులము భూమి భాషను వారికి విప్పి చెప్పుదుము. ఇద్దఱకును లాభమే.

నాలుగు: వినవచ్చిన వానిని ఏ కులము, ఏ పక్షము అని అడుగరాదు. పక్షము చొచ్చిన దినముననే ఆ బీరువా మఱల పాత దఫ్తరము పెట్టె యగును.

1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నెలకొల్పిన పెద్దలకు మనకంటె ధనము హెచ్చు లేదు. 1935లో పెదపాలెము నుండి కాలువమీద పడవలో పుస్తకములు పోయినవి. చదువరి రాలేనిచో పుస్తకమే వాని రేవునకు పోయినది. వారు పడవ నెక్కించిరి. మనము ఒక బీరువా తాళము తీయవలయును, అంతే. ఇంటిపన్నుతోపాటు మనమందఱము గ్రంథాలయ సెస్సు చెల్లించుచునే యున్నాము. పన్ను కట్టినవానికి పద్దు చూచు హక్కు గలదని లెక్కలవాడు గాక మఱెవడు చెప్పవలయును?

ఇరువదియైదేండ్లు మన కన్నులు తెఱపించిన ఈ సరస్వతీ మందిరము ఇకమీదట మన హక్కులకును కాపుగా నిలిచి స్వర్ణోత్సవమును చూచుగాక!