తెరకు మాట వచ్చినప్పుడు
(రాజవొమ్మంగి సభలో చేసిన ప్రసంగం)



ఈ రోజు పైడి జైరాజ్ గారిని తలచుకుందాం. 1909లో కరీంనగర్‌లో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివారు. 1929లో బొంబాయిలో ‘జగ్‌మగ్‌తీ జవానీ’ మూకీలో చిన్న వేషంతో మొదలుపెట్టారు. 1931లో ‘ఆలం ఆరా’తో తెరకు మాట వచ్చింది. మాట తిరగని మూకీ నటులు ఎందరో వెనకబడ్డారు. ఈ తెలుగుబిడ్డ మాత్రం హైదరాబాదులో అబ్బిన ఉర్దూతో నిలిచారు. ‘టిప్పు సుల్తాన్’గా నటించారు. 1980 సంవత్సరానికి ఫాల్కే అవార్డు అందుకున్నారు.

ఈ మన్యంలో మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. ఒకటి చాలు, రెండోది ఎందుకని మనమే అంటున్నాం. ఇకమీదట అనవద్దు. మీరిచ్చే సొమ్ముతో రెండు భాషల పుస్తకాలూ కొందాం. ఏ భాష ఎప్పుడు అన్నం పెడుతుందో ఎవరికి తెలుసు!