అవసరం, అత్యవసరం
(లక్కడ్‌కోట్ పౌర అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పురపాలక కార్యాలయపు అనువాద విభాగంలో పనిచేస్తున్నాను. మరాఠీలో వెలువడే ప్రకటనలను తెలుగులోకి తేవడం నా వృత్తి. నేడు నన్ను మాట్లాడమన్న విషయం అత్యవసర ఫోన్ సేవల దుర్వినియోగం. ఈ విషయంలో మొదటి తప్పు నాదే కనుక దానితోనే ప్రారంభిస్తాను.

కొంతకాలం క్రిందట అత్యవసర నంబర్ల పట్టిక ఒకటి నా చేతికి వచ్చింది. మూలంలో ‘ఆపత్కాలీన’ అని ఉన్నది. నేను 108 ఎదుట ‘వైద్య సహాయం అవసరమైనప్పుడు’ అని వ్రాశాను. సులభమైన మాట వ్రాశానని తృప్తి కూడా పడ్డాను. ఆ కాగితం ఈ ఊరికీ చేరింది. ఇక్కడి అవ్వ ఒకామె బీపీ మాత్రలు అయిపోయినవని 108కి ఫోన్ చేసిందట. ఎందుకు చేశారవ్వా అని అడిగితే ఆమె అన్న మాట ఇది: “అవసరమైతే చెయ్యుమని మీ కాయితమే చెప్పె గద బిడ్డా. గోలీలు లేకుంటె నాకు అవసరం గాదా?”

ఆమె చెప్పినదానిలో తప్పు లేదు. మాత్రలు అవసరమే. అయితే అవసరం వేరు, అత్యవసరం వేరు. ఆ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని నేను ఒక్క మాటతో చెరిపివేశాను. ఆ దూరం ఎంతటిదో వివరించడమే ఈనాటి నా పని.

1935 నవంబరులో లండన్ నగరంలోని వింపోల్ వీధిలో ఒక ఇల్లు అంటుకున్నది. ఎదురింటివారు అగ్నిమాపక దళానికి ఫోన్ చేయబోయారు. కాని ఆ రోజుల్లో అన్ని పిలుపులూ ఒకే వరుసలో నిలిచేవి. క్షేమసమాచారం అడిగే పిలుపుల వెనుక మంటల పిలుపు కూడా వేచి ఉండవలసి వచ్చింది. ఆ అగ్నిప్రమాదంలో ఐదుగురు స్త్రీలు మరణించారు. దానిపై జరిగిన విచారణ ఫలితంగా 1937 జూన్ 30న లండన్‌లో 999 అనే ప్రత్యేక సంఖ్య ప్రారంభమైనది. అనగా, ఆపదలో ఉన్నవాడు ఇతరుల వెనుక వరుసలో నిలబడరాదన్న ఒక్క ఆలోచన నుండి ఈ సేవ పుట్టింది. మనం అనవసరంగా ఆ సంఖ్యకు ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ పాత వరుసను మళ్ళీ నిర్మిస్తున్నాము.

మన తెలుగు నేలపై 108 సేవ 2005 ఆగస్టు 15న ప్రారంభమైనది. మహారాష్ట్రలో 2014లో వచ్చింది. ఇక్కడ అంబులెన్సుతో పాటు వైద్యుడు కూడా వస్తాడు. ప్రారంభంలో రాష్ట్రమంతటికీ ఏర్పాటు చేసిన వాహనాలు 937. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభా 11 కోట్ల 23 లక్షలు. భాగించి చూస్తే, సుమారు లక్షా ఇరవై వేల మందికి ఒక్క వాహనం. మందుల చీటీ కోసమో, ఆసుపత్రి నుండి ఇంటికి తిరిగి రావడానికో ఆ వాహనాన్ని పిలిస్తే, అది వెళ్ళి వచ్చేంతవరకు చుట్టుపక్కల ఊళ్ళలో పాము కరిచినవానికి, రోడ్డుపై పడినవానికి మరింత దూరం నుండి వేరొక బండి రావలసిందే.

కనుక ఫోన్ తీసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇంకొక గంట ఆగితే ప్రాణానికో, శరీరానికో, ఇంటికో తిరిగిరాని నష్టం కలుగుతుందా? కలుగుతుందంటే క్షణం ఆలస్యం చేయకండి. ఛాతీ నొప్పి, ఆగని రక్తస్రావం, ఊపిరాడకపోవడం, పాముకాటు, పురుగుమందు లోనికి పోవడం, మంటలు, దాడి, రోడ్డు ప్రమాదం ఇటువంటివి. వైద్యానికి 108. పోలీసు సహాయానికి 112.

కలగదంటే మరొక ద్వారం ఉన్నది. ఆరోగ్య సలహాకు 104. కరెంటు పోతే 1912. గేదెకో, ఎద్దుకో జబ్బు చేస్తే 1962. అటవీశాఖకు చెప్పవలసినది ఉంటే 1926. ఫోన్‌లో మోసపోయి డబ్బు పోగొట్టుకుంటే 1930. అయితే ఈ చివరిదానికి ఎంత త్వరగా చెబితే అంత మేలు. ఈ సంఖ్యలు తెలియకనే మనవారిలో చాలామంది అన్నింటికీ 108, 112లనే నొక్కుతున్నారు. వారిని నిందించే ముందు వారికి ఈ పట్టిక ఇవ్వడం మన బాధ్యత.

పిల్లల చేతి ఫోన్ల విషయం. నేటి ఫోన్లలో ఒక మీట వరుసగా నొక్కినా, ఒక అంకె అదిమిపట్టినా 112కు పిలుపు వెళ్ళే ఏర్పాటు ఉన్నది. పొరపాటున వెళితే భయపడి పెట్టివేయకండి. “పొరపాటున తగిలింది, ఇక్కడ అందరం క్షేమం” అని చెప్పి ముగించండి. ఏమీ చెప్పకుండా పెట్టివేస్తే అవతలివారు ఆపద అనుకొని తిరిగి ఫోన్ చేయవలసి వస్తుంది. ఆ సమయం మరొకరిది. ఇక వేళాకోళానికి అబద్ధపు సమాచారమిచ్చి పోలీసులను పరుగెత్తించడం మాత్రం పొరపాటు కాదు, నేరం.

మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. ఈ రాజురా ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో భాగం. సరిహద్దు మారినా మన మాట మారలేదు, బంధుత్వాలు మారలేదు. సెల్‌ఫోను తరంగాలకూ సరిహద్దు తెలియదు. మన ఫోను అవతలి టవరును పట్టుకుంటే పిలుపు తెలంగాణ కేంద్రానికి చేరవచ్చు. మహారాష్ట్ర 108 కేంద్రం పుణెలో ఉన్నది. అక్కడ ఫోన్ ఎత్తేవారికి తెలుగు రాకపోవచ్చు. కనుక మొదటి మాటగా “లక్కడ్‌కోట్, రాజురా తాలూకా, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర” అని చెప్పండి. తరువాత ఏమి జరిగింది, ఎంతమందికి జరిగింది, దగ్గరి గుర్తు ఏది అన్నది చెప్పండి. ఈ నాలుగు ముక్కలు మరాఠీలోనూ చెప్పగలిగేలా ఇంటిలో ఒక్కరైనా నేర్చుకోండి. వారు పెట్టివేయమనే వరకు ఫోన్ పెట్టవద్దు.

చివరిగా ఒక మనవి. దుర్వినియోగం గురించి ఇంతసేపు విన్నాక, నిజంగా ఆపదలో ఉన్నవారు సంకోచిస్తారేమోనన్నదే నా భయం. అర్ధరాత్రి నొప్పులు మొదలైన కోడలి ప్రక్కన కూర్చున్న అత్త, ‘ఇది అత్యవసరమో కాదో, తిడతారేమో’ అని తెల్లవారేవరకు ఆగితే, ఈ ప్రసంగం మేలుకు బదులు కీడు చేసినట్లే. సందేహం వస్తే ఫోన్ చేయండి. నిజాయితీతో పొరబడినవారిని ఎవరూ దోషిగా చూడరు. తెలిసి తెలిసి ఆ దారికి అడ్డం నిలవవద్దన్నదే నా విన్నపం.

ఆ పట్టికను నేను తిరిగి వ్రాశాను. 108 ఎదుట ఇప్పుడు ‘ప్రాణాపాయం ఉన్నప్పుడు’ అని ఉన్నది. దాని క్రింద 104 ఎదుట ‘మందులు, ఆరోగ్య సలహాలకు’ అని పెద్ద అక్షరాలతో వేయించాను. మొదటి ప్రతిని ఆ అవ్వకే ఇచ్చాను. చదివించుకొని విని, “ఇప్పుడు తెలిసింది బిడ్డా, మొదలే గిట్ల రాయకపోతివి” అన్నది. ఆ మందలింపు నాకు శిరోధార్యం.