పిల్లి ఉన్న ఇంట్లో వాసన లేకుండా
(సంఘం వార్షిక సమావేశంలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సహాయం పని మీద ఇళ్లకు వెళ్లినప్పుడు మేము తరచూ వినే మాట ఒకటుంది. "పిల్లి మంచిదేనమ్మా, కానీ ఇల్లంతా కంపు. ఎక్కడైనా వదిలేద్దామనుకుంటున్నాం." చిన్న విషయంగానే కనిపిస్తుంది. కానీ ఇంట్లో పెరిగిన పిల్లికి వీధిలో బతకడం తెలియదు. కుక్కల పాలో, బండ్ల పాలో అవుతుంది. ఆ పరిస్థితి రాకుండా ఇంట్లోనే ఏం చేసుకోవచ్చో ఈరోజు చెప్పుకుందాం.

పిల్లి మూతి పెట్టిన నీళ్లు అపవిత్రం కావని తెలిపే హదీసును అబూ ఖతాదా (రజి) ఉల్లేఖించారు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తనంతట తాను వెతుక్కు తిననివ్వక చంపిన స్త్రీకి పడిన శిక్ష గురించి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అయితే పిల్లి మూత్రం, మలం మాత్రం అపవిత్రాలే. అవి మన బట్టలకు, జానమాజుకు తగలకూడదు. అందుకే నమాజు చేసుకునే ఇంట్లో పిల్లి మీద దయ, ఇంటి శుభ్రత రెండూ చూసుకోవాలి.

ముందు వాసన ఎలా పుడుతుందో తెలుసుకుందాం. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. ఎంత ఎక్కువసేపు అలాగే ఉంటే అంత ఘాటు. కాబట్టి వెంటవెంటనే తీసేయడమే అసలు మందు. సాంబ్రాణి వేసినా, అత్తరు చల్లినా వాసన మీద మరో వాసన చేరుతుందంతే. పైగా ఘాటైన పరిమళం వేసిన తొట్టిలోకి చాలా పిల్లులు దిగవు. మంచం కిందో, పరుపు మీదో పోస్తాయి.

చిల్లుల గరిటెతో ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ముద్దలు తీసేయండి. రెండు నిమిషాల పని. తొట్టిలో ఇసుకగానీ, కొనుక్కునే లిట్టర్‌గానీ రెండు మూడు అంగుళాల మందం ఉండాలి. తడికి గడ్డకట్టే బెంటొనైట్ మట్టి అయితే తీయడం సులువు. అంత ఖర్చు వద్దనుకునేవారు పొడి ఇసుక, రంపపు పొట్టు వాడుకోవచ్చు. కానీ అవి గడ్డకట్టవు కనుక త్వరత్వరగా మార్చాలి. అడుగున కాస్త వంట సోడా చల్లితే కొంత వాసన లాగేస్తుంది. పిల్లులు ఎన్ని ఉంటే అంతకంటే ఒక తొట్టి ఎక్కువ పెట్టమని పశువైద్యులు చెబుతారు. గాలి ఆడే చోట, తిండి గిన్నెకు దూరంగా పెట్టండి.

లిట్టర్ మొత్తం మార్చిన రోజున తొట్టిని వేడినీళ్లు, సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ప్లాస్టిక్ మీద గోళ్ల గీతలు పడితే వాసన వాటిలో నిలిచిపోతుంది. అలాంటి తొట్టిని మార్చేయాలి.

రెండు వస్తువుల విషయంలో జాగ్రత్త. ఒకటి ఫినాయిల్. అందులోని రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరిచేయలేదు. కాళ్లకు అంటినది నాకితే అది విషమే. రెండోది బ్లీచింగ్ పౌడర్. అమ్మోనియా ఉన్నచోట అది పడితే క్లోరమైన్ అనే విషవాయువు పుట్టి, మన కళ్లు, ఊపిరితిత్తులే మండుతాయి.

ఇంట్లో కోడలో, కూతురో గర్భిణి అయితే "పిల్లిని పంపించేయండి" అనే పెద్దలు చాలామంది. భయం టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి. అది పిల్లి మలంలో బయటపడ్డాక, ఇతరులకు అంటే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకే తొట్టిని రోజూ శుభ్రం చేయాలి, ఆ పని గర్భిణి కాకుండా ఇంట్లో మరొకరు చేయాలి. పిల్లికి పచ్చి మాంసం పెట్టవద్దు. పిల్లిని వెళ్లగొట్టనక్కర్లేదు. మిగతా సందేహాలు డాక్టరమ్మను అడగండి.

మగపిల్లి గోడల మీద చిమ్ముతుంటే పశువైద్యుని దగ్గర ఆపరేషన్ గురించి మాట్లాడండి. ఆ అలవాటు చాలావరకు తగ్గుతుంది. మాటిమాటికీ తొట్టిలో కూర్చుని మూత్రం రాక ముక్కుతుంటే మాత్రం వాసన సంగతి పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

తీసిన చెత్తను కాగితంలో చుట్టి చెత్తబండికి ఇవ్వండి. కాలువలో వేయకండి, కూరగాయల మొక్కలకు ఎరువుగా వాడకండి.

దాతలకు ఒక మనవి. మీ వీధిలో పిల్లిని వదిలేద్దామనుకునే ఇల్లు కనిపిస్తే ఒక చిల్లుల గరిటె కొనిచ్చి, ఈ పద్ధతి చెప్పి రండి. నోరులేని జీవికి చేసిన మేలుకూ పుణ్యం ఉంది. మనందరి ఇళ్లను అల్లాహ్ శుభ్రతతో, దయతో నింపుగాక. ఆమీన్.